‘ఎదురు’ అనే మాటకు సాక్ష్యం

మా నాయన దేవరకొండ తాలూకాలో ముప్పై ఏళ్ళు బడిపంతులుగా పనిచేశాడు. ఆయన చేతివ్రాత గుండ్రంగా, తహసీలు కచేరీలో ఏ గుమాస్తాకైనా తెలిసేటట్లు ఉండేది. అందుచేత మా ఇంటి అరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు అర్జీ కోసం కూర్చుని ఉండేవారు. పింఛనుకు, రేషను కార్డుకు, పాసుపుస్తకానికి, తప్పిపోయిన కూలి డబ్బులకు అన్నింటికీ ఆయన కలమే. ఇందుకు ఆయన పుచ్చుకున్న ప్రతిఫలం, నాకు జ్ఞాపకమున్నంతలో, ఒక గంప సీతాఫలాలు; మరొకసారి సంచెడు పచ్చి కందికాయ.

1999 వానాకాలంలో నల్లమల అంచు పల్లె నుంచి ఒక తల్లి వచ్చింది. ఆమె పేరు ఇక్కడ రాయను. కొడుకు ఒక ఆసామి దగ్గర జీతమున్నాడు. అడవిలో ఎదురుకాల్పులు జరిగినవనీ, ఒక తీవ్రవాది మరణించాడనీ పత్రికలో పడిన మూడవ రోజున, ఆ తీవ్రవాది తన కొడుకేనని ఆమెకు తెలిసింది. బస్సు దిగుతుండగా పట్టుకుపోయినారని ఆమె మాట. అన్నలకు నాలుగుమార్లు అన్నం పెట్టిన సంగతి కూడా ఆమే చెప్పింది, దాచలేదు.

“సారూ, నా కొడుకును సంపిన్రు. మల్ల కేసు గూడ బెట్టిన్రంట. ఎవ్వని మీద బెట్టిన్రో జెర రాసి అడుగుండ్రి” అన్నది.

మా నాయన రాశాడు. కలెక్టరుకు ఒకటి, జిల్లా పోలీసు అధికారికి ఒకటి, మానవ హక్కుల సంఘానికి ఒకటి. శవపంచాయితీ నకలు కావాలి, పోస్టుమార్టం నివేదిక కావాలి, కేసు ఎవరి మీద నమోదైనదో తెలుపవలెను అని. రెండేళ్ళలో రిజిస్టరు పోస్టు రసీదులు తప్ప మరేమీ రాలేదు. ఆ రసీదులను ఆమె పొగాకు తిత్తిలో మడిచి దాచుకునేది.

2001 ఫిబ్రవరి 18న నల్లగొండ పట్టణంలో పౌరహక్కుల సంఘం నాయకుడు ఆజం అలీని నరికి చంపారు. అంతకు మూడు నెలల ముందే హైదరాబాదులో పురుషోత్తంను చంపి ఉన్నారు. పులుల పేర్లు, పాముల పేర్లు పెట్టుకున్న ముఠాలు తిరుగుతున్న కాలమది. నాలుగేళ్ళ తరువాత, 2005 ఆగస్టులో, మహబూబ్‌నగర్ జిల్లాలో ఉపాధ్యాయుడు కనకాచారిని బలి తీసుకున్నదీ అట్టి ముఠాయే. ఆజం అలీ హత్య జరిగిన వారానికి ఆ తల్లి మళ్ళీ వచ్చింది. ఈసారి తెల్ల కాగితం తానే కొని తెచ్చుకున్నది. మా నాయన చాలాసేపు నేల చూసి, “నాకు పిల్లలున్నరమ్మా” అన్నాడు. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, తిత్తిలో పెట్టుకుని, ఒక్క మాట అనకుండా లేచిపోయింది. నేను ఎనిమిదవ తరగతి. తలుపు వెనుక నిలబడి అంతా చూశాను. ఆ ‘పిల్లలు’ ఎవరో నాకు తెలుసు.

మా నాయన పిరికితనాన్ని గురించి రాయటానికి ఈ కథ ఎత్తుకోలేదు. ఆయన చేసిన తప్పు, తప్పే అనదలిస్తే, ప్రాణభయంతో చేసినది. నేను చేసినది అట్లాంటిది కాదు.

2019 డిసెంబరు 6, శుక్రవారం. నేను పాలమూరులో ఒక కళాశాలలో తెలుగు చెబుతున్నాను. మొదటి పీరియడుకు పోయేసరికి తరగతి అంతా కేరింతలు. తెల్లవారుజామున షాద్‌నగరు దగ్గర చటాన్‌పల్లిలో నలుగురిని పోలీసులు కాల్చివేశారన్న వార్త అప్పటికే అందరికీ చేరింది. ఆ నలుగురూ, నవంబరు 27 రాత్రి శంషాబాదు దగ్గర ఒక పశువైద్యురాలి మీద అత్యాచారం చేసి, చంపి, శవాన్ని అదే చటాన్‌పల్లి వంతెన కింద కాల్చినారని ఆరోపణ పడినవారు. ఆ వారమంతా నేను నిద్రపోలేదు. సాయంత్రపు బస్సులో ప్రతి మగవాడి ముఖమూ చూశాను. ఆడపిల్లలు తరగతిలో ఏడ్చారు; వారితో నేనూ ఏడ్చాను. కనుక ఆ ఉదయం ఒక విద్యార్థిని పాలకోవా బిళ్ళ నా చేతిలో పెడితే నోట్లో వేసుకున్నాను. తీయగానే ఉన్నది. ఈ మాట దాచి, ఆ తరువాత నాకు కలిగిన జ్ఞానాన్ని మాత్రం ఇక్కడ పరిస్తే అది మోసమవుతుంది.

వెనుక బెంచీలో మక్తల్ వైపు పిల్లవాడొకడు కోవా తీసుకోలేదు. ఆ నలుగురివీ మక్తల్ ప్రాంతపు పల్లెలే. ఏమని అడిగితే, “మేడం, కోర్టు ఏమన్నదని పంచుతున్నరు?” అన్నాడు. ఎదురు ప్రశ్నగా అనలేదు. తెలియక అడిగినట్లే అడిగాడు. నేను హాజరుపట్టీ తెరిచి పేర్లు పిలవటం మొదలుపెట్టాను.

నా వృత్తి మాటలతో కనుక ఒక మాట దగ్గర కొంతసేపు ఆగుతాను. ‘ఎన్‌కౌంటర్’ అన్న ఇంగ్లీషు మాటకు అర్థం రెండు పక్షాలు ఒకదానికొకటి తారసపడటం. పత్రికలవారు దానిని ‘ఎదురుకాల్పులు’ అని తెనిగించారు. ‘ఎదురు’ ఉన్న చోట ఇద్దరుండాలి. ఎదురుకోలుకు పెళ్ళికొడుకు వైపువారూ, పెళ్ళికూతురు వైపువారూ ఉన్నట్లు. కాని మన ప్రజలు ఆ ఇంగ్లీషు మాటను తీసుకుని ఏం చేశారో చూడండి: ‘ఎన్‌కౌంటర్ చేసిన్రు’ అన్నారు. కర్త వచ్చింది, కర్మ వచ్చింది. తారసపడటం పోయి, చేయటం మిగిలింది. పత్రిక భాష దాచిన విభక్తిని పల్లె వ్యాకరణం బయటపెట్టింది. కాల్పులు జరిగిన ప్రతి కుటుంబమూ కోర్టును అడిగేది, నిజానికి, ఈ ఒక్క ‘ఎదురు’ను రుజువు చేయమనే. ఇద్దరున్నారా? ఇద్దరి చేతిలోనూ ఆయుధమున్నదా? ఇద్దరూ కాల్చుకున్నారా? ఇంతే. మరణించినవాడు మంచివాడని ధ్రువపత్రం ఇమ్మని ఏ తల్లీ అడగదు.

అడిగితే ఏం జరుగుతుంది? ఆ నల్లమల తల్లి ప్రశ్నకు సమాధానం నాకు ఇరవై ఏళ్ళ తరువాత గాని తెలియలేదు. కేసు నిజంగానే ఉంటుంది. అది చచ్చినవాని మీద ఉంటుంది. పోలీసులు ఫిర్యాదీలు, మృతుడు హత్యాయత్నం చేసిన ముద్దాయి. ముద్దాయి చనిపోయినాడు గనుక విచారించటానికి మనిషి లేడు, కేసు మూసివేత. చట్టం తన కాగితం తాను రాసుకున్నది; ఆ కాగితంలో తల్లికి ఒక పంక్తి కూడా లేదు. చటాన్‌పల్లిలోనూ మొదట నమోదైన కేసు ఇట్టిదే: చనిపోయిన నలుగురి మీద, 307 సెక్షను కింద.

ఈ తలకిందుల లెక్కను సరిచేయాలని అడిగినవారు లేకపోలేదు. 1997 మార్చిలో జాతీయ మానవ హక్కుల సంఘం అధ్యక్షుడుగా జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య ముఖ్యమంత్రులందరికీ లేఖ రాశారు: ఇట్టి మరణాన్ని నేరం జరిగిందని అనుమానించదగిన సమాచారంగా తీసుకుని దర్యాప్తు చేయవలెననీ, అదే స్టేషను పోలీసులు కాల్పుల్లో ఉన్నట్లయితే దర్యాప్తును సి.ఐ.డి. వంటి వేరే సంస్థకు అప్పగించవలెననీ. ఆ లేఖకు మూలం మన రాష్ట్రపు పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదే. మా నాయన అరుగు మీద కూర్చుని అర్జీలు రాసేనాటికి ఆ లేఖకు రెండేళ్ళు నిండినవి. ఆయనకు దాని సంగతి తెలియదు. తెలిసి ఉంటే అర్జీలో ఏ వాక్యం రాయాలో ఆయనకు తెలిసేది.

తరువాత 2009 ఫిబ్రవరి 6న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రధాన తీర్పు జస్టిస్ గోదా రఘురాం రాశారు. దాని సారం ఒక పల్లెటూరి మనిషికి చెప్పగలిగినంత సులువు: పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే, కాల్చినవారి మీద కేసు నమోదు చేయాలి; ఆత్మరక్షణ కోసమే కాల్చానంటే ఆ సంగతి కోర్టులో రుజువు చేసుకోవాలి; మేజిస్ట్రేటు విచారణ దర్యాప్తుకు బదులు కాజాలదు. కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ వంటివారు హైకోర్టు మెట్ల మీద గడిపిన దశాబ్దాలు ఆ తీర్పు వెనుక ఉన్నవి. కాని ఆ వెలుగు నెలరోజులు నిలవలేదు. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు పోగా, ఆ సంవత్సరమే తీర్పు అమలు ఆగిపోయింది. 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, మహారాష్ట్ర కేసులో, పదహారు మార్గదర్శక సూత్రాలు చెప్పింది: కేసు నమోదు కావాలి, వేరే పోలీసులు దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేటు విచారణ జరగాలి. కేసు ఎవరి మీద అన్నది మాత్రం 2009 తీర్పు తేల్చినంత సూటిగా అందులో లేదు. ఆ సందులోంచే చచ్చినవాడు మళ్ళీ ముద్దాయిగా వస్తున్నాడు.

ఆ సూత్రాలు వచ్చిన ఏడు నెలలకు, 2015 ఏప్రిల్ 7న, అప్పటి నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గర ఏం జరిగిందో పాఠకులకు తెలుసు. వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకుపోతున్న అయిదుగురు ముస్లిం విచారణ ఖైదీలు పోలీసు వాహనంలోనే హతులైనారు. వెంట పదిహేడుమంది ఎస్కార్టు పోలీసులు. తుపాకి గుంజుకున్నారని కథనం. బేడీలతో సీట్లకు కూలబడి ఉన్న శవాల ఫోటోలు మరునాడు దేశమంతా చూసింది. ఆ వారంలోనే జిల్లాలో దుండగుల తూటాలకు పోలీసులు చనిపోయి ఉన్నారు; ఊరంతా వారి కోసం దుఃఖంలో ఉన్నది. ఆ దుఃఖం నిజమైనది. దానికి బదులు తీర్చుకోవటానికి బేడీలలో ఉన్నవారు దొరికినారా అన్నది ఆ కుటుంబాల ప్రశ్న. ఒక తండ్రి హైకోర్టుకు పోయాడు. ప్రభుత్వం ఒక ప్రత్యేక బృందాన్ని వేసింది. అదే రోజు చిత్తూరు జిల్లా శేషాచలం అడవిలో ఇరవైమంది తమిళ కూలీలు హతులైనప్పుడు, ఒక మృతుని భార్య ఫిర్యాదు మీద, హైకోర్టు ఆదేశంతో చంద్రగిరి స్టేషనులో హత్యానేరం కింద కేసు నమోదైంది. ఒక స్త్రీ సంతకం చేసిన కాగితం స్టేషను పుస్తకంలోకి ఎక్కటానికి హైకోర్టు కావలసి వచ్చింది.

చటాన్‌పల్లికి తిరిగి వస్తాను. ఆ రోజు నేను కోవా తింటూ ఉండగా, హైదరాబాదులో మహిళా హక్కుల కార్యకర్తలు కొందరు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ పంపారు. ఆ సాయంత్రమే హైకోర్టు దానిని తీసుకుని శవాలను భద్రపరచమన్నది. ఆ సంగతి మరునాడు చదివినప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇప్పటికీ తగ్గలేదు. చనిపోయిన ఆ యువతి కోసం అందరికంటె ఎక్కువ కాలం వీధుల్లో నిలిచే స్త్రీలే, ఆమె పేరున జరిగిన కాల్పులకు లెక్క అడిగారు. శవాలు మహబూబ్‌నగర్ ఆసుపత్రిలోనూ, తరువాత గాంధీ ఆసుపత్రిలోనూ పదిహేడు రోజులు ఉన్నవి. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు వచ్చి రెండవమారు పోస్టుమార్టం చేసిన తరువాత, డిసెంబరు 23న గాని కుటుంబాలకు దక్కలేదు. తల్లిదండ్రులు మట్టి చేయవలసిన మనిషిని మంచులో ఉంచి, కోర్టు కోసం ఎదురుచూడటం ఎట్లా ఉంటుందో నేను ఊహించబోను. ఇక్కడ మాత్రం ‘ఎదురు’కు రెండో పక్షం అక్కరలేదు.

సుప్రీంకోర్టు డిసెంబరు 12న జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ అధ్యక్షతన ముగ్గురి కమిషన్ వేసింది. ఆరు నెలలన్నది రెండేళ్ళు దాటింది. 2022 మే 20న నివేదిక బయటికి వచ్చింది. 387 పేజీలు. నేను వేసవి సెలవుల్లో కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, మొత్తం చదివాను. తుపాకులు గుంజుకున్నారన్న కథనాన్ని కమిషన్ నమ్మలేదు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చినారన్నది. పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలన్నది. నలుగురిలో ముగ్గురు ఆనాటికి పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలన్నది.

ఈ చివరి సంగతి దగ్గర పుస్తకం మూసి లేచి వాకిట్లోకి పోయాను. ముగ్గురి వయసు తేలినది బడి రికార్డుల మీద. పోలీసు కాగితాలలో ఇరవై అని ఉన్నది. బడి అడ్మిషను రిజిస్టరులో ఉన్నది వేరు. ఎవరో ఒక పంతులు, మా నాయన వంటివాడు, పిల్లవాని చేయి పట్టుకుని వచ్చిన కూలితల్లిని “ఎప్పుడు పుట్టిండమ్మా?” అని అడిగి, ఆమె “కరువు పోయిన ఏడు” అంటే, వేళ్ళ మీద లెక్కించి రాసిన తారీకు. మన పల్లెబడుల్లో సగంమంది జూన్ నెలలో పుడతారని మేము నవ్వుకునేవాళ్ళం. ఆ రిజిస్టరే సుప్రీంకోర్టు కమిషన్ ముందు సాక్ష్యమై నిలిచింది. అరెస్టు చేసిన వారంలోగా ఒక్క కానిస్టేబులు ఆ బడికి పోయి ఆ పేజీ తిప్పి ఉంటే, ఆ పిల్లలు బాలల న్యాయమండలి ముందు ఉండవలసినవారని తెలిసేది.

ఆ పిల్లలు నిర్దోషులని నేను అనటం లేదు. ఆ వైద్యురాలిని ఎవరు చంపారో సాక్ష్యాలతో తేల్చవలసిన విచారణ జరగనే లేదు, ఇకముందు జరగదు. ఆమె తల్లిదండ్రులకు కూడా ఒక తీర్పు బాకీ ఉండిపోయింది. ఆ సంగతి కోవా పంచినవారికి చెప్పటం చాలా కష్టం. మరొకటి కూడా చెప్పాలి. నవంబరు 27 రాత్రి కూతురు కనబడటం లేదని ఆ కుటుంబం స్టేషనుకు పోతే, ‘మా పరిధి కాదు’ అంటూ తిప్పినారు. కేసు నమోదులో జరిగిన జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయినారు. ఆ ఇంటివారూ, మక్తల్ పల్లెలవారూ నిలబడినది ఒకే గడప ముందు. రెండు దుఃఖాలనూ ఆ గడప ముందే నిలబెట్టి, ఒకదానిని చూపి రెండవదానిని మరిపించారు. మనం మరిచిపోయినాం.

నివేదికను సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టుకు పంపింది. 2024 మేలో కొందరు అధికారుల పిటిషన్ల మీద హైకోర్టు స్టే ఇచ్చింది. కోర్టుల వేగం గురించి చెప్పటానికి నా వద్ద కొత్త మాట లేదు.

మన సాహిత్యకారుల సంగతి మాత్రం కొంత అడగాలి. 1950–51లో నల్లగొండ ప్రత్యేక ట్రిబ్యునళ్ళు పన్నెండుమంది రైతుబిడ్డలకు వేసిన ఉరిశిక్షల మీద సుప్రీంకోర్టులో వాదించటానికి ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చాడు, కోర్టులో ఓడినా, దేశమంతటా లేచిన ఆందోళన వల్ల ఉరి తప్పి యావజ్జీవమైంది. అది మనకు గర్వకారణం; ప్రతి సభలోనూ చెప్పుకుంటాం. గిరాయిపల్లిలో 1975లో హతులైన నలుగురు విద్యార్థుల గురించీ రాశాం, పాడాం. వారు మనవాళ్ళు. కాని మక్తల్ వైపు లారీల మీద బతికిన నలుగురు కుర్రవాళ్ళు మనవాళ్ళు కారు. వారి మీద పడిన నింద మన ఇళ్ళ ఆడపిల్లలను వణికించినది. ఆలేరులో చనిపోయినవారూ మనవాళ్ళు కారు. ట్రిబ్యునలు ఎంత అన్యాయమైనదైనా ఒక తీర్పు రాసింది. ఆ తీర్పు ఉన్నది గనుక ప్రిట్ దానితో పోట్లాడగలిగాడు. తీర్పే లేని చావుతో పోట్లాడటానికి వకీలుకు పట్టు ఏమున్నది? మొదటి కాగితం కావాలి. దానికి ముందు, ఆ కాగితం రాసేవాడు కావాలి. హక్కు మనవారికే అన్న షరతు మీద మనం నడిచినంతకాలం, ఆ అరుగు మీద ఎవరూ ఉండరు.

పోయిన సంక్రాంతికి దేవరకొండ పోయినప్పుడు ఆ తల్లి బతికే ఉన్నదని తెలిసింది. మా నాయనను తీసుకుని పోయాను. ఆయనకు ఇప్పుడు చేయి వణుకుతుంది. ఆమె ఆయనను చూసి, “పెద్దసారు ముసలోడైండు” అని నవ్వింది. తిత్తి లేదు గాని రసీదులు ఉన్నవి. ప్లాస్టిక్ సంచిలో, ఆధార్ కార్డుతో కలిపి. హత్యానేరానికి కాలదోషం లేదని నేను చెబితే ఆమె పెద్దగా పట్టించుకోలేదు. “కేసు ఎవ్వని మీద బెట్టిన్రో తెలిసిందా బిడ్డా?” అన్నది. ఇరవై ఆరేళ్ళ కిందటి అదే ప్రశ్న.

సమాచార హక్కు చట్టం కింద, పది రూపాయల రుసుముతో, నేను అర్జీ రాశాను. మా నాయన పక్కన కూర్చుని, ‘నకలు’ అన్నచోట ‘ధ్రువీకరించిన నకలు’ అని దిద్దించాడు. ఆమె వేలిముద్ర వేసింది. నెల తరువాత సమాధానం వచ్చింది: కాలపరిమితి ముగిసినందున సదరు రికార్డులు లభ్యం కావటం లేదు అని. ఆ సంగతి ఫోనులో ఆమె మనుమడికి చదివి వినిపించాను. వెనుక నుంచి ఆమె గొంతు వినబడింది: “ఇంగొకటి రాయమను.”

మొదటి అప్పీలుకు ముప్పై రోజుల గడువున్నది. ఈ వ్యాసం రాస్తున్ననాటికి పదకొండు రోజులు గడిచినవి. ఆ మక్తల్ పిల్లవాడు ఇప్పుడు హైదరాబాదులో న్యాయశాస్త్రం చదువుతున్నాడు. ముసాయిదా అతనికి పంపాను. రెండుచోట్ల ఎర్రగీత పెట్టి తిరిగి పంపాడు.